మొక్క పొట్టిదైనా శిక్ష పొడుగే

బీరువాలో పట్టే గంజాయి రకాలపై యువకుల్లో అపోహలు
ఒక్క కుండీ పెంచినా పదేళ్ళ వరకు జైలు

కోటబొమ్మాళి: తులసి వనంలో గంజాయి మొక్క అనే సామెత వినని వారు టెక్కలి, పలాస, ఉద్దానం పల్లెల్లో ఉండరు. ఆ సామెత పుట్టిన కాలంలో గంజాయి మొక్క పెరగాలంటే వనం కావాలి, వాన కావాలి, నెలల తరబడి ఎండ కావాలి. ఇప్పుడు వచ్చిన కొన్ని రకాలకు ఇవేవీ అక్కరలేదు. ఒక కుండీ, ఒక దీపం, బీరువాలో ఒక అర ఉంటే చాలు. రెండు మూడు అడుగుల ఎత్తు దాటకుండా రెండున్నర, మూడు నెలల్లో పూసి ఊరుకుంటాయి. వీటిని ‘ఆటోఫ్లవరింగ్’ రకాలంటారు. అంటే ఋతువుతో పని లేకుండా తమంతట తామే పూసేవని అర్థం.

చదువులకో, కొలువులకో హైదరాబాదు, బెంగళూరు, చెన్నై వెళ్ళి నలుగురైదుగురు కలిసి ఒకే గదిలో కాపురముంటున్న మన పిల్లల చెవిన ఈ మాట పడుతోంది. “ఎకరాల్లో పండించేవాడిది నేరం గాని, గదిలో ఒక్క మొక్క పెంచుకుంటే ఎవరికి నష్టం?” అనే వాదన దానికి తోడవుతోంది. మొక్క సంగతీ, చట్టం సంగతీ తెలిస్తే ఆ వాదన ఎంత ప్రమాదకరమైనదో అర్థమవుతుంది.

గోగు చెప్పే పాఠం

ఈ రకాల కిటుకు తెలుసుకోవడానికి ఎక్కడికో వెళ్ళనక్కరలేదు. మన జిల్లా రైతుకు తరతరాలుగా తెలిసిన గోగు చేను చాలు. జూన్‌లో విత్తిన గోగు నిలువెత్తు దాటి పెరిగి మంచి నార ఇస్తుంది. అదే గోగును ఆలస్యం చేసి ఆగస్టు చివర విత్తితే నడుము ఎత్తుకు రాకముందే పూతకు వస్తుంది. నార చేతికి రాదు. రెండు చేలూ దాదాపు ఒకే రోజుల్లో పూస్తాయి. గోగు తన వయసు లెక్క పెట్టుకోదు, పగలు ఎంత తగ్గిందో, రాత్రి ఎంత పెరిగిందో చూసుకుంటుంది.

కోటబొమ్మాళి ప్రాంతంలో జూన్ నెలాఖరులో పగలు సుమారు పదమూడుంబావు గంటలు. డిసెంబరులో అది పదకొండు గంటలకు తగ్గుతుంది. ఈ రెండు గంటల తేడాయే గోగుకు పంచాంగం. పాత పొడుగు వరి రకాలు ఎప్పుడు ఉభాలు వేసినా కార్తీక మాసం చుట్టుపక్కలే ఈనడానికి కారణమూ ఇదే. అలాంటి వరి వీధి దీపం కింద పడితే, ఆ దీపపు వెలుగు మేరకు ఈనక ఆలస్యమవుతుంది. రాత్రి పొడవెంతో మొక్కకు తెలియకపోవడమే కారణం.

మామూలు గంజాయి కూడా ఈ జాతిదే. రాత్రులు పెరిగితే గాని పూయదు. మత్తు ఉండేది ప్రధానంగా ఆడ మొక్క పూతలోనే కనుక పూత వచ్చేదాకా దొంగసాగుదారు ఆగక తప్పదు. ఈలోగా మొక్క మనిషిని మించి ఎదుగుతుంది. విశాఖ మన్యంలో పేరుమోసిన ‘శీలావతి’ రకం వానాకాలంలో నాటితే చలికాలానికి గాని చేతికి రాదు. అన్ని నెలలు కొండవాలు మీద నిలబడిన పంట ఆకాశం నుంచి కూడా కంటపడుతుంది.

పొగాకుతో తేలిన రహస్యం

మొక్క పగలూ రాత్రీ లెక్క చూసుకుంటుందని శాస్త్రవేత్తలు తేల్చి నూరేళ్ళు దాటింది. అమెరికా వ్యవసాయ శాఖలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరికి ‘మేరీలాండ్ మామత్’ అనే పొగాకు రకం ఒక చిక్కు తెచ్చిపెట్టింది. వేసవిలో పొలంలో ఆ పొగాకు మనిషి ఎత్తు దాటి ఆకుల మీద ఆకులు తొడిగేది గాని పూసేది కాదు. చలికాలంలో గాజు ఇంట్లో ఉంచితే చిన్నగా ఉండగానే పూసేది. వారు ఎరువు మార్చి చూశారు, నీరు మార్చి చూశారు, ఫలితం లేకపోయింది. చివరకు వేసవిలోనే కుండీలను రోజూ పెందలాడే చీకటి కొట్టులోకి చేర్చారు. పొగాకు పూసింది. ఈ పరిశోధన 1920లో అచ్చయింది. తరువాత 1938లో మరి ఇద్దరు శాస్త్రవేత్తలు, మొక్క నిజంగా కొలిచేది పగటిని కాదని, ఎడతెగని రాత్రినని చూపారు.

ఇంటి లోపల దీపాల కింద మొక్కలు పెంచే విద్యకు మూలం ఇదే. బెంగళూరు పరిసరాల్లో చామంతి రైతులు రాత్రివేళ పొలంలో బల్బులు వెలిగించి పూతను వెనక్కి జరపడం ఈ సూత్రం మీదనే. విద్య మంచిదే. దానిని ఏ మొక్కకు వాడుతున్నారన్నదే ప్రశ్న.

వోల్గా ఒడ్డు మొక్క

ఇక తమంతట తామే పూసే గంజాయి ఎక్కడిది? రష్యాలో వోల్గా నది దగ్గర సరాతోవ్ ప్రాంతంలో బంజరు భూముల్లో, రాళ్ళగుట్టల పక్కన మొలిచే ఒక అడవి గంజాయిని యానిషెవ్‌స్కీ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1924లో వర్ణించి ‘రుడెరాలిస్’ అని పేరు పెట్టాడు. శిథిలాల మధ్య మొలిచేదని ఆ మాటకు అర్థం. ఆ దేశంలో వేసవి పగలు పదహారు గంటలు దాటుతుంది. రాత్రులు పెరిగేదాకా పూయకుండా కూర్చుంటే గింజ ముదిరేలోగా మంచు వచ్చి మొక్క చచ్చిపోతుంది. అందుకని ఆ మొక్క పంచాంగాన్ని వదిలేసి వయసును పట్టుకుంది. మొలిచిన కొద్ది వారాలకు, పగలు ఎంత ఉన్నా, పూస్తుంది. తొందరగా పూసేది కనుక పొట్టిగానే మిగిలిపోతుంది.

ఆ అడవి మొక్కలో మత్తు చాలా తక్కువ. మత్తు ఎక్కువున్న రకాలతో దానిని సంకరం చేసి, పొట్టితనాన్నీ తొందర పూతనూ ఉంచుకుని, మత్తును మాత్రం పెంచే పని పడమటి దేశాల్లో సాగింది. ఈ శతాబ్దం మొదటి సంవత్సరాల్లో ‘లోరైడర్’ అనే రకం అంగట్లోకి వచ్చింది. అది ఎత్తు అడుగు, అడుగున్నర ఉండేది. తరువాత వచ్చిన రకాలు అంతకంటె ఎక్కువ దిగుబడి, ఎక్కువ మత్తు ఉన్నవి.

వరి రైతుకు ఈ కథ కొత్తది కాదు. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో విడుదల చేసిన ఐ.ఆర్.8 కూడా పొట్టిదే, అదీ పగటి లెక్క చూడనిదే. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు 1967లో దానిని పండించి దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. ఏడాదిలో రెండు పంటలకు దారి చూపింది అలాంటి వరి రకాలే. పొట్టితనం, పగటి లెక్క చూడకపోవడం అనే రెండు గుణాలు అక్కడ కంచంలో అన్నం పెట్టాయి. అవే గుణాలు ఇక్కడ గంజాయిని పొలం నుంచి పడకగదిలోకి తెచ్చాయి.

బీరువాలో పంట

మామూలు గంజాయిని ఇంట్లో పెంచాలంటే పూత కోసం రోజుకు పన్నెండు గంటలు కటిక చీకటి ఇవ్వాలి. పూత మొదలయ్యాక కూడా మొక్క ఒక్కసారిగా సాగి చూరును తాకుతుంది. తమంతట తామే పూసే రకాలకు ఈ బెడద లేదు. అందుకే ఎత్తు తక్కువ ఉన్న అటకలు, అలమరలు, గుడ్డ డేరాలు వీటికి స్థావరాలవుతున్నాయి.

అయితే చెప్పినంత సులువూ కాదు. స్వల్పకాలిక వరిలో ముదురు నారు నాటితే పిలకలు రాకుండానే ఈనిపోతుందని రైతుకు తెలుసు. ఈ మొక్కదీ అదే తీరు. దానికి ఆగడం తెలియదు. మొదటి వారాల్లో దెబ్బ తింటే కోలుకునే గడువు ఉండదు. జానెడు మొక్కగానే పూసి పోతుంది. పైగా పూత సమయంలో ఘాటైన వాసన గది దాటి వీధిలోకి వస్తుంది. విత్తనం కొన్నవారికి ఎంత దిగుబడి వస్తుందో చెప్పే ప్రకటనలు ఈ సంగతి చెప్పవు. పట్టుబడితే ఏమవుతుందో అసలే చెప్పవు.

మణికొండ నుంచి బెంగళూరు దాకా

ఇది ఊహించి చెప్పే ప్రమాదం కాదు. 2018 మార్చిలో హైదరాబాదు శివారు మణికొండ ప్రాంతంలోని ఒక అపార్టుమెంటులో, ఫ్లాటు లోపల దీపాలు, ఫ్యాన్లు అమర్చి దాదాపు 40 కుండీల్లో గంజాయి పెంచుతున్న వ్యక్తిని పోలీసులు అరెస్టు చేశారు. 2023 జూన్‌లో కర్నాటకలోని శివమొగ్గలో అద్దె ఇంట్లో గంజాయి పెంచుతూ పట్టుబడిన వారు వైద్య విద్యార్థులు. 2024 నవంబరులో బెంగళూరులో ఒక జంట తమ ఇంటి బాల్కనీలోని పూలకుండీల మధ్య గంజాయి పెంచి, ఆ కుండీల ఫొటోలు ఫేస్‌బుక్కులో తామే పెట్టుకుని పోలీసులకు చిక్కారు.

వీరిలో కొండల్లో ఎకరాలు సాగు చేసినవారు ఒక్కరూ లేరు. గదిలోనో, బాల్కనీలోనో కుండీలు పెట్టుకున్నవారే. కాబోయే డాక్టర్లు సైతం కటకటాల వెనక్కి వెళ్ళవలసి వచ్చింది.

పెద్ద సాగుపై మన రాష్ట్రంలో దాడులు ఎలా జరిగాయో అందరికీ తెలిసిందే. 2021 చివరలో మొదలుపెట్టిన ‘ఆపరేషన్ పరివర్తన’లో విశాఖ మన్యంలో 7,500 ఎకరాలకు పైగా గంజాయి తోటలను నరికివేశారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోల గంజాయిని కాల్చివేశారు. 2024లో ఈ పని కోసమే ‘ఈగల్’ అనే ప్రత్యేక విభాగం ఏర్పడింది. ఒడిశా సరిహద్దున, జాతీయ రహదారి మీద, కలకత్తా - మద్రాసు రైలు మార్గం మీద ఉన్న మన జిల్లాకు ఈ తనిఖీలు కొత్త కావు.

చట్టం లెక్క వేరు

బ్రిటిషు వారి కాలంలో ప్రభుత్వ అనుమతితో గంజాయి సాగు జరిగేది. బాపట్ల ప్రాంతంలోని సంతరావూరు అందుకు పేరుబడిన చోటు. ఆ రోజులు పోయాయి. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం ఆ ఏడాది నవంబరు 14 నుంచి దేశమంతటా అమలులో ఉంది. దాని 8వ సెక్షను గంజాయి మొక్కను సాగు చేయడాన్ని నిషేధించింది. 20వ సెక్షను ప్రకారం సాగుకు శిక్ష పదేళ్ళ వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. కోసి ఎండబెట్టిన గంజాయి దగ్గర ఉంటే బరువును బట్టి శిక్ష. కిలో వరకు చిన్న మొత్తం, ఏడాది వరకు జైలు. 20 కిలోలు దాటితే వ్యాపార మొత్తం, పదేళ్ళకు తగ్గని జైలు. కాని సాగుకు ఇలాంటి మెట్లు లేవు. ఇన్ని మొక్కల వరకు ఫరవాలేదని గాని, ఇంత ఎత్తు లోపు అయితే నేరం కాదని గాని చట్టంలో ఎక్కడా లేదు. అడుగు మొక్కా మొక్కే, పది అడుగుల మొక్కా మొక్కే. పొలంలో ఉన్నా సాగే, బీరువాలో ఉన్నా సాగే. ‘రుడెరాలిస్’ వేరే జాతి కదా అనే వాదనకూ తావు లేదు. ఆ ప్రజాతిలోని ఏ మొక్క అయినా గంజాయి మొక్కేనని చట్టం నిర్వచించింది.

“భంగు ఆకు నేరం కాదు గదా, గింజ నేరం కాదు గదా” అని మరి కొందరంటారు. పూత కలవని ఆకునూ గింజనూ గంజాయి నిర్వచనం నుంచి చట్టం మినహాయించిన మాట నిజమే. కాని ఆ గింజను విత్తి మొక్కను పెంచితే అది సాగు. ఉత్తరాఖండ్ వంటి చోట నార కోసం మత్తు లేని రకాలను పండిస్తున్నారంటే అది ప్రభుత్వ లైసెన్సుతో. లైసెన్సు లేని కుండీకి ఆ మినహాయింపు వర్తించదు.

ఇంటివారికీ, సర్పంచికీ బాధ్యత

పెంచినవాడితోనే పని అయిపోదు. తన ఇల్లు గాని, గది గాని ఇలాంటి నేరానికి వాడుతున్నారని తెలిసి ఊరుకున్న యజమానికీ, ఆ గదిలో ఉంటున్నవారికీ 25వ సెక్షను కింద అదే శిక్ష పడవచ్చు. ఒకే గదిలో ఉంటున్న నలుగురిలో ఒకడు కుండీ పెట్టి, మిగిలిన ముగ్గురు “మనకెందుకులే” అనుకుంటే ఆ ముగ్గురూ చిక్కుల్లో పడినట్టే. గది అద్దె పంచుకునే మన పిల్లలకు పెద్దలు ముందుగా చెప్పవలసిన మాట ఇది.

పల్లెల్లో బాధ్యత మరికాస్త ఎక్కువ. తన భూమిలో దొంగచాటుగా గంజాయి సాగు జరుగుతున్నదని తెలిసిన భూస్వామి వెంటనే అధికారులకు తెలపాలని 46వ సెక్షను, సాగు సంగతి తెలిసిన సర్పంచి, పంచాయతీ సభ్యుడు, గ్రామాధికారి తెలపాలని 47వ సెక్షను చెబుతున్నాయి. ఈగల్ విభాగానికి 1972 నంబరుకు ఫోను చేసి సమాచారం ఇవ్వవచ్చు.

కేసు పడితే జైలు ఒక్కటే నష్టం కాదు. సైన్యంలో, పోలీసు శాఖలో చేరాలని తెల్లవారకముందే మైదానాల్లో పరుగులు తీసే పిల్లలు మన జిల్లాలో ఊరూరా ఉన్నారు. ఉద్యోగం వచ్చినా నడవడి విచారణ దగ్గర ఇలాంటి కేసు అడ్డు నిలుస్తుంది. పాస్‌పోర్టుకూ అంతే.

పరదేశాల్లో తప్పు కాదంటారే?

జర్మనీలో 2024 ఏప్రిల్ 1 నుంచి పెద్దవారు ఇంట్లో మూడు మొక్కల వరకు పెంచుకోవచ్చు. కెనడాలో 2018 అక్టోబరు నుంచి చాలా చోట్ల ఇంటికి నాలుగు మొక్కలకు అనుమతి ఉంది. అమెరికాలో పలు రాష్ట్రాలు అనుమతించినా కేంద్ర చట్టం మాత్రం ఒప్పుకోలేదు. అక్కడ చదువుకోవడానికి వెళ్ళిన విదేశీ విద్యార్థికి కేంద్ర చట్టమే ముఖ్యం. గంజాయి కేసులో చిక్కితే వీసాకే ముప్పు రావచ్చు. ఒక దేశంలో ఒప్పయినది మరో దేశంలో ఒప్పు కావాలని లేదు. అక్కడి వీడియో చూసి ఇక్కడ విత్తనం తెప్పించుకునేవారు మరచిపోతున్నది ఈ చిన్న విషయాన్నే.

ఆ దేశాల్లోనూ పిల్లలకు అనుమతి లేదు. లేత వయసులో తరచుగా గంజాయి తాగితే జ్ఞాపకశక్తి, చదువు దెబ్బతింటాయనీ, కొందరిలో మతిభ్రమణానికి దారి తీస్తుందనీ వైద్యులు హెచ్చరిస్తున్నారు. మత్తు శాతం పెంచిన కొత్త రకాలతో ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

ఇప్పటికే అలవాటు పడినవారికి దారి మూసుకుపోలేదు. మానాలనుకునేవారికి 14446 నంబరులో మత్తు విముక్తి సలహా ఉచితంగా దొరుకుతుంది. మనసు కలత చెందినవారు 14416 టెలి మానస్‌కు ఫోను చేయవచ్చు. వాడకం కేసులోనో, చిన్న మొత్తం కేసులోనో చిక్కినవారు తమంతట తాము చికిత్సకు ముందుకు వస్తే ప్రాసిక్యూషను నుంచి రక్షణ ఇచ్చే 64ఎ సెక్షను కూడా ఆ చట్టంలోనే ఉంది. సాగు చేసినవారికి మాత్రం ఆ తలుపు తెరవదు.

తక్కువ ఎత్తు గదికి మంచి పంట

చిన్న గది ఉంది, ఎత్తు తక్కువ, ఎండ రాదు, నాలుగు డబ్బులు రావాలి అనుకునే యువకులకు పుట్టగొడుగులు ఉన్నాయి. ముత్యపు చిప్ప పుట్టగొడుగులకు కావలసింది మన కళ్ళాల్లో మిగిలే వరిగడ్డి. ముక్కలు చేసిన గడ్డిని నానబెట్టి, వేడినీటిలో ఉడికించి, తేమ ఆరాక పాలిథిన్ సంచుల్లో పొరలు పొరలుగా విత్తనంతో నింపి చీకటి గదిలో వేలాడదీస్తారు. సుమారు మూడు వారాలకు సంచి తెల్లబడుతుంది. ఆ తరువాత కాస్త వెలుగు, గాలి, తడి చూపిస్తే కోతకు వస్తాయి. ఇవి చల్లని నెలల్లో బాగా వస్తాయి. ఎండలు ముదిరినప్పుడు 30 నుంచి 35 డిగ్రీల వేడికి ఓర్చుకునే పాల పుట్టగొడుగులు వేసుకోవచ్చు. తీరం గాలిలోని తేమ వీటికి మేలే చేస్తుంది. సలహా కావలసినవారు ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రాన్ని గాని, మండల వ్యవసాయ అధికారులను గాని కలుసుకోవచ్చు.

దాచుకోవలసిన అవసరం లేని పంట ఇది. సంతకు తీసుకువెళ్ళి నలుగురి ముందు తూచి అమ్ముకోవచ్చు. బీరువాలో దాచిన కుండీకి తాళం ఎన్ని వేసినా, తలుపు చప్పుడైన ప్రతిసారీ గుండె దడదడలాడక తప్పదు. మూడు నెలల్లో పూసే మొక్క పదేళ్ళ జీవితం అడుగుతున్నదని ఊళ్ళు విడిచి వెళ్ళే పిల్లలకు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఇప్పుడే చెప్పడం మంచిది.